జీతం తేదీ లేని ఊళ్లో: విశాఖ ఉద్యోగం వదిలి నర్సీపట్నం వెళ్లిన ఒక ఇంజనీరు కేసు

విశాఖ ద్వారకానగర్‌లో ఆడిటర్‌గా ప్రాక్టీసు చేస్తున్నాను. కోవిడ్ తర్వాత నా దగ్గరికి ఒక రకం క్లయింట్లు ఎక్కువయ్యారు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో పదేళ్లు, పదిహేనేళ్లు ఉద్యోగం చేసి, సొంతూరికో అత్తారి ఊరికో వెళ్లి ఏదైనా చేసుకుందామనుకునేవాళ్లు. అందరూ అడిగేది ఒకటే: "అక్కడ నెలకి ఎంత వస్తే సరిపోతుంది సార్?" ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం తేలిక. అసలు ఇబ్బంది ఆ డబ్బు ఏ తేదీకి వస్తుందన్న దగ్గర మొదలవుతుంది. దాని గురించి అడిగినవాళ్లు తక్కువ. ఈ కేసు అదే చెబుతుంది కాబట్టి క్లయింటు అనుమతి తీసుకుని రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, అంకెల్ని కొద్దిగా సర్దాను, లెక్క మాత్రం అలాగే ఉంచాను.

మనిషి, కుటుంబం, కారణం

క్లయింటు ఎలక్ట్రికల్ ఇంజనీరు, నలభై దాటాయి. విశాఖలో ఒక ప్రాజెక్టుల కంపెనీలో 11 ఏళ్లు చేశారు. ఫ్యాక్టరీల పైకప్పుల మీద సోలార్ ప్లాంట్లు, ప్యానెల్ బోర్డులు, కెపాసిటర్ బ్యాంకులు, అన్నీ చేతిమీదుగా చేసిన మనిషి. చేతికొచ్చే జీతం 84 వేలు. మధురవాడలో సొంత ఫ్లాట్, దాని మీద నెలకి 24 వేల ఈఎంఐ. భార్య ప్రభుత్వ టీచరు. గొలుగొండ మండలంలో పోస్టింగు కావడంతో ఆమె చిన్నవాడితో నర్సీపట్నంలో అద్దెకుంటున్నారు. నర్సీపట్నం ఆమె పుట్టిల్లు కూడా. పెద్దమ్మాయి, తల్లి ఈయనతో విశాఖలో. శనివారం సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో నర్సీపట్నం బస్సు పట్టుకోవడం, ఆదివారం రాత్రి మళ్లీ తిరుగు బస్సు. స్టేషన్ పేరు నర్సీపట్నం రోడ్ అయినా రైలు దిగాక ఊరు చేరడానికి మళ్లీ బస్సే కావాలి, అందుకని ఆ మాటే లేదు.

2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం వచ్చింది. ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టుకుంటే కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇస్తుంది. ఈయనకి తెలిసిన పని, భార్య ఉన్న ఊరు, కొత్త మార్కెట్, మూడూ ఒకేసారి కలిసొచ్చాయి. రాజీనామా ఇచ్చేసి, నోటీసు పీరియడ్‌లో నా దగ్గరికొచ్చారు. జూన్‌లో బళ్లు తెరిచేలోపు మకాం మార్చాలన్నది ప్లాన్.

వెళ్లేముందు వేసిన లెక్క

ఆయన మనసులో ఉన్న అంకె 84 వేలు. అంత సంపాదిస్తేనే గెలిచినట్టు, లేకపోతే ఉద్యోగం వదిలి తప్పు చేసినట్టు. ముందు ఆ అంకెని బల్ల మీద నుంచి తీసేయాల్సొచ్చింది.

మకాం మారాక ఇంటికి నిజంగా ఎంత కావాలో ఇద్దర్నీ కూర్చోబెట్టి రాశాం. ఫ్లాట్ అద్దెకిస్తే 13 వేలొస్తుంది, అంటే ఈఎంఐలో జేబులోంచి పడేది 11 వేలు. నర్సీపట్నంలో కాస్త పెద్ద ఇల్లు, 9 వేలు. పిల్లల చదువు నెల సగటున 9. ఇంటి ఖర్చు, పాలు, పెట్రోలు, కరెంటు కలిపి 22. తల్లిగారి మందులు, ఇన్సూరెన్సు ప్రీమియాలు 7. మొత్తం 58 వేలు. టీచరుగారి చేతికొచ్చేది 48. తేడా పది వేలు.

రెండు కాపురాలు ఒకటవడం వల్ల వచ్చిన ఆదా అది. ఆ పది వేల అంకె చూసి ఆయన ముఖం విప్పారింది, నాకు మాత్రం అక్కడే అనుమానం పట్టుకుంది. ఇంటికి తక్కువ కావాలని తెలిశాక మనిషి వ్యాపారం దగ్గర ధారాళంగా అయిపోతాడు.

ఉద్యోగం వదిలేవాళ్లకి నేను చెప్పే మిగతా సంగతులు త్వరగా చెబుతాను. గ్రాట్యుటీ లెక్క అప్పటికి 1972 చట్టంలోదే: చివరి బేసిక్, డీఏల మొత్తాన్ని 15/26తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఈయన బేసిక్, డీఏ కలిపి 38 వేలు, 11 ఏళ్లకి 2 లక్షల 41 వేలు వచ్చింది. పీఎఫ్‌లో 11 లక్షల దాకా ఉంది, తీసి సరుకు కొందామన్నారు. వద్దన్నాను. పదేళ్లు దాటిన సర్వీసుకి పెన్షన్ భాగం ఎలాగూ చేతికి రాదు, స్కీమ్ సర్టిఫికెట్ (చేసిన సర్వీసు లెక్క రాసిచ్చే కాగితం) తీసుకుని 58 ఏళ్లకి పెన్షన్ అడగాలి. మిగతా పీఎఫ్ 2024-25లో 8.25 శాతం వడ్డీతో పెరిగింది, దాన్ని ముట్టుకోకూడదన్నదే షరతు. కంపెనీ గ్రూపు ఇన్సూరెన్సులో షుగరున్న తల్లిగారు కూడా ఉన్నారు. ఆ పాలసీ ఉద్యోగం చివరి రోజుతో ఆగిపోతుంది. అదే ఇన్సూరెన్సు కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారితే గ్రూపులో గడిపిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో కలుస్తుంది. ఉద్యోగం పోయాక తీరిగ్గా కొత్తది తీసుకుంటే పాత జబ్బులకి 3 ఏళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఈ ఒక్క పని నోటీసు పీరియడ్‌లోనే పూర్తిచేయించాను. నా అనుభవంలో ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.

గ్రాట్యుటీలోంచి 2 లక్షలు భార్య పేరున వేరే ఖాతాలో వేయించాం. వ్యాపారానికి ఎంత అవసరమొచ్చినా అటు చూడకూడదు. పెట్టుబడికి మిగిలింది 6 లక్షల ఫిక్సెడ్ డిపాజిట్.

ఆరు లక్షలంటే ఆరు కాదు. పథకం కింద విక్రేతగా నమోదు కావాలంటే విద్యుత్ పంపిణీ సంస్థకి రెండున్నర లక్షల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి, పెట్టిన ప్లాంటుకి ఐదేళ్లు మెయింటెనెన్స్ చూడాలి. కొత్త వ్యాపారికి బ్యాంకు ఊరికే గ్యారంటీ ఇవ్వదు, అంతకి అంత డిపాజిట్ పట్టి పెట్టుకుంటుంది. కాబట్టి చేతిలో తిరిగే డబ్బు మూడున్నర లక్షలు.

అల్లుడు గారి వ్యాపారం

అబీద్ సెంటర్‌కి దగ్గర్లో చిన్న షాపు, ఇద్దరు కుర్రాళ్లు. మొదటి ఇల్లు మామగారి స్నేహితుడిది. అక్కణ్ణించి నోటి మాట మీదే పని నడిచింది. ఊళ్లో ఈయన పేరు ఎవరికీ పట్టలేదు, అందరికీ అల్లుడు గారే. మామగారి వయసు వాళ్లు అల్లుడూ అంటారు, మామగారి కింద పనిచేసినవాళ్లు అల్లుడు బాబు అంటారు. విశాఖలో ఎవరైనా కొటేషన్ అడిగితే మూడు కంపెనీలతో పోల్చి చూస్తారు. ఇక్కడ పోల్చనే లేదు. "అల్లుడు గారి దగ్గర బేరమేటి" అని కాఫీ తాగించి ఒప్పేసుకునేవారు. ఈయన అదంతా తన మంచి పేరనుకున్నారు. కొంత నిజమే. కాకపోతే అలా ఆర్డరిచ్చినవాళ్లు వేరే హక్కొకటి తమ దగ్గర ఉంచుకున్నారు: డబ్బు ఎప్పుడివ్వాలో వాళ్లే చెబుతారు.

పథకంలో సబ్సిడీ విక్రేతకి రాదు, ఇంటి యజమాని బ్యాంకు ఖాతాలో పడుతుంది. ప్లాంటు పెట్టి, తనిఖీ అయి, నెట్ మీటరు (వాడిన కరెంటు, లైనుకి పంపిన కరెంటు రెండూ లెక్కపెట్టేది) బిగించాక. రూలు ప్రకారం యజమాని ముందు మొత్తం కట్టి, తర్వాత సబ్సిడీ తీసుకోవాలి. ఊళ్లో నడిచిన మాట వేరు: "సబ్సిడీ పడ్డాక ఆ 78 వేలూ నీకే అల్లుడూ, మనం ఎక్కడికి పోతాం?"

ఒక ఇంటి లెక్క చూడండి. 3 కిలోవాట్ల ప్లాంటు ఈయన అమ్మింది 2 లక్షలకి. ప్యానెళ్లు, వాటిని నిలబెట్టే స్ట్రక్చర్, ఇన్వర్టరు, కూలీ అన్నీ కలిపి 1 లక్షా 65 వేలు. లాభం 35 వేలు. యజమాని ఇప్పుడిచ్చేది లక్షా 22 వేలు. అంటే లాభం కంటపడకపోగా, సొంత డబ్బు 43 వేలు ఆ డాబా మీద ఉండిపోతుంది. మూడున్నర లక్షల్ని 43 వేలతో భాగించండి. ఎనిమిది ఇళ్లు. తొమ్మిదో ఇంటికి ప్యానెళ్లు కొనడానికి డబ్బుండదు. ఆర్డర్లు ఎంత బాగా వస్తే అంత త్వరగా ఆ తొమ్మిదో ఇల్లు వస్తుంది.

లెక్కల పుస్తకాల గురించి ఒక మాట. చిన్న వ్యాపారులకి అమ్మకాల్లో కొంత శాతాన్ని లాభంగా చూపించి పన్ను కట్టేసే వీలుంది, పద్దులు రాయక్కర్లేదు. చాలామంది ఆడిటర్లం క్లయింట్లని అటే పంపుతాం, మాకూ పని తక్కువ. ఈ కేసులో మాత్రం నెలనెలా పద్దు రాయించాను. జీతం మనిషికి బాకీల జాబితా చూసే అలవాటుండదు. పద్దే లేకపోతే అమ్మకాలు చూసుకుని సంతోషపడుతూ పోతాడు.

2025 ఫిబ్రవరి

ఇంట్లో గడవడానికి లోటు లేదు. టీచరుగారి జీతం ఒకటో తారీఖుకి పడుతోంది, పిల్లల ఫీజులు కట్టారు. అయినా ఆయన నా దగ్గరికి వచ్చిన రోజు మనిషి నిద్రలేనట్టున్నారు. ఫోన్ మోగితే ఎవరిదో చూసి పక్కన పెట్టేస్తున్నారు, విశాఖ డిస్ట్రిబ్యూటరు అట. ఈఎంఐ రోజు వస్తోందంటే రెండు రోజుల ముందు నుంచి టెన్షన్. "సార్, పీఎఫ్ తీసేస్తాను, మూడు లక్షలు చాలు" అన్నారు.

పీఎఫ్ సంగతి పక్కన పెట్టి పుస్తకం తెరిచాం. అప్పటికి 11 ఇళ్లు బాకీ. ఒక్కో ఇంటికి 78 వేల చొప్పున 8 లక్షల 58 వేలు. అందులో సొంత పెట్టుబడి మొత్తం పోగా డిస్ట్రిబ్యూటరుకి లక్షకి పైగా ఇవ్వాలి. ఆయన దృష్టిలో ఈ 11 బాకీలూ ఒకటే: సబ్సిడీ రాలేదు. ఒక్కో ఇంటికి ఫోన్ చేయించి, కాగితాలు చూసి విడదీస్తే మూడు రకాలు తేలాయి.

నాలుగు ఇళ్లు తనిఖీ, నెట్ మీటరు దశలో ఉన్నాయి. వాటికి ఆగాల్సిందే.

రెండు ఇళ్లకి సబ్సిడీ రాదు, ఉన్న పరిస్థితిలో ఎప్పటికీ రాదు. కరెంటు కనెక్షన్ చనిపోయిన తండ్రి పేరు మీద ఉంది, బ్యాంకు ఖాతా కొడుకుది. చిన్న ఊళ్లలో ఇది సర్వసాధారణం. ఇల్లు పంచుకున్నా మీటరు పేరు మార్చుకోరు, బిల్లు కట్టేస్తే చాలనుకుంటారు. సర్వీసు పేరు మార్పించకుండా దరఖాస్తు ముందుకి కదలదు.

మిగతా ఐదిళ్లకి సబ్సిడీ ఎప్పుడో పడిపోయింది. ఒకాయన ఆ డబ్బుతో కూతురి సీమంతం చేశారు, భోజనానికి ఈయన కూడా వెళ్లొచ్చారు.

"మరి అడగలేదా?" అన్నాను.

"ఎలా అడగమంటారు సార్, ఎదురుపడితే అల్లుడూ టీ తాగావా అంటారు."

ఇక్కడే నగరం నుంచి వెళ్లినవాళ్లు దెబ్బతింటారు. కంపెనీలో బిల్లు వసూలు చేసేది అకౌంట్స్ డిపార్ట్‌మెంటు. ఇంజనీరు పని చేసి వచ్చేస్తాడు, క్లయింటుతో స్నేహం చెడదు. చిన్న ఊళ్లో రెండు పనులూ ఒకే మనిషి మీద పడతాయి, పైగా ఆ మనిషి అవతలివాళ్లకి చుట్టం. మామగారి పరువు కూడా మధ్యలో ఉంటుంది. ఆయన చేతకానివాడేం కాదు. విశాఖలో కాంట్రాక్టర్లతో గొంతు చించుకున్న మనిషే. ఇక్కడ ఆ గొంతు పనికిరాదు.

ఏం మార్చాం

మొదటిది అన్నిటికన్నా చిన్నది, బాగా పనిచేసిందీ అదే. ఊళ్లో ఆడిటర్ అంటే ఒక భయం, ఒక గౌరవం ఉన్నాయి. ఇకమీదట డబ్బు సంగతి వచ్చిన ప్రతిసారీ "నాదేం లేదండి, మా ఆడిటర్ గారు ఒప్పుకోవట్లేదు" అనమన్నాను. బాకీ ఉన్న ఐదుగురికీ నా లెటర్‌హెడ్ మీద ఉత్తరం వెళ్లింది: మార్చితో లెక్కలు మూస్తున్నాం, మీ పేరున ఇంత బాకీ కనిపిస్తోంది, సరిచూసి సంతకం చేసి పంపండి. ఆడిట్లో మామూలుగా పంపే బాకీ ధ్రువీకరణే అది. ముగ్గురు సంతకం పెట్టకుండా డబ్బే ఇచ్చేశారు. నన్ను ఆ ఊళ్లో ఎవరేమనుకుంటున్నారో నాకు అనవసరం. అల్లుడు గారు మంచివాడు, ఆడిటరే కఠినం అనుకుంటే అంతా సవ్యంగా ఉన్నట్టు.

రెండోది, ఆర్డరు తీసుకునేముందు కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు మూడింటిలో పేరు ఒకటేనా అని చూడడం. తేడా ఉంటే ముందు పేరు మార్పు, తర్వాతే ప్యానెళ్లు.

మూడోది బ్యాంకు రుణం. ఈ పథకంలో 3 కిలోవాట్ల దాకా తాకట్టు లేకుండా 2 లక్షల వరకు రుణం ఇస్తున్నారు. బ్యాంకు ఆ డబ్బు నేరుగా విక్రేత ఖాతాకి పంపుతుంది. తర్వాత సబ్సిడీ యజమాని రుణంలో జమైనా, ఇంకేదైనా, మనకి సంబంధం లేదు. చేబదులు అడగడానికి మొహమాటపడని ఊరు బ్యాంకు అప్పంటే మాత్రం ఎందుకో వెనకాడుతుంది. ఒక్కో ఇంటికి కూర్చుని కాగితాలు నింపే పని షాపులో కొత్తగా చేరిన అమ్మాయికి అప్పజెప్పారు. ఆమె జీతం 9 వేలు. ఈ కేసు మొత్తంలో అంత తక్కువకి అంత ఉపయోగపడిన ఖర్చు ఇంకోటి లేదు.

నాలుగోది ఒక పరిమితి. ఏ సమయంలోనూ నాలుగిళ్లకి మించి బాకీ ఉండకూడదు. ఐదోవాళ్లు ఎంత దగ్గరి చుట్టమైనా సరే, పాత నాలుగిట్లో ఒకటి తీరాకే.

ఇవన్నీ కారేది ఆపాయంతే. తేదీకి డబ్బు రావడం ఇంకా మొదలవలేదు. అది వచ్చింది సోలార్ నుంచి కాదు.

ఆ చుట్టుపక్కల రైసు మిల్లులు, జీడిపప్పు ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఒక మిల్లు డాబా మీద సోలార్ పెడదామని కొలతలకి వెళ్లిన ఈయన, యజమాని కరెంటు బిల్లు చూశారు. పరిశ్రమలకి బిల్లు కేవీఏహెచ్ లెక్కన వేస్తారు, అంటే యంత్రాలు నిజంగా వాడినదాని మీద కాదు, లైనులోంచి లాగిన మొత్తం మీద. పవర్ ఫ్యాక్టర్ (లాగినదాంట్లో నిజంగా పనికొచ్చిన వంతు) 0.80 దగ్గరుంటే, యంత్రాలు నిజంగా వాడింది 10 వేల యూనిట్లయినా బిల్లులో 12,500 పడుతుంది. 0.98కి తెస్తే పది వేల రెండొందల దగ్గర ఆగుతుంది. ఆ వంతు పెంచడానికి పెట్టే కెపాసిటర్ ప్యానెల్ తలుపు తీస్తే లోపల సగం ఫ్యూజులు ఎగిరిపోయి ఉన్నాయి, ఒక కెపాసిటర్ పొట్ట ఉబ్బి ఉంది, దాని మీద ఊక దుమ్ము. ఎప్పుడు పోయాయో మిల్లులో ఎవరికీ తెలియదు. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా నెలకి 16 వేలు ఊరికే పోతున్నాయి. ఈయన సోలార్ మాట పక్కనపెట్టి ఆ ప్యానెల్ బాగుచేశారు. తర్వాతి నెల బిల్లు చూసి మిల్లు యజమానే ఫోన్ చేశారు.

నేను వెంటనే పట్టుకున్నది దీన్ని. ఒక్కసారి బాగుచేసి కూలీ తీసుకోవడం కాదు, నెలవారీ ఒప్పందం రాయించాం. నెలకోసారి ప్యానెల్, బిల్లు రెండూ చూస్తారు, 6 వేలు, ఐదో తారీఖులోపు ఖాతాలో పడాలి. ఇప్పుడు అలాంటివి నాలుగున్నాయి, 24 వేలు. ఇంటికి కావలసిన పదివేల తేడా, షాపు అమ్మాయి జీతం దీంట్లోంచే వెళ్తాయి. చూడ్డానికి సోలార్ లాభంతో పోలిస్తే చిన్న మొత్తం. కానీ ఈఎంఐకి రెండు రోజుల ముందు పట్టుకునే టెన్షన్ పోయింది ఈ 24 వేలతోనే. మిల్లు వాళ్లకి ఈయన అల్లుడు కూడా కాదు, ఇంజనీరు గారు. అడగడానికి మొహమాటం లేదు.

విశాఖలో 11 ఏళ్లు నేర్చిన పనిలో చిన్న ఊరికి కరువైంది ఇదే అని నా అభిప్రాయం. ఇంటి సోలార్ పెట్టేవాళ్లు ఊరికి పదిమంది వస్తారు, రేటు తగ్గిస్తూ పోతారు. నిజానికి స్ట్రక్చర్ దగ్గర కూడా ఈయన పోటీలో కాస్త వెనకే. మిగతావాళ్లకన్నా ఎనిమిది వేలు ఎక్కువ చెబుతారు, మందం ఎక్కువున్న గాల్వనైజ్డ్ ఉక్కు, పునాదికి గట్టి యాంకర్లు వేస్తారు కాబట్టి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన విశాఖ మనిషికి ఆ ఎనిమిది వేలు ఎందుకో చెప్పక్కర్లేదు. నర్సీపట్నంలో ఒక్కో ఇంట్లో చెప్పాల్సొస్తోంది.

క్యాలెండర్

మార్చి తర్వాత ఇంకో విషయం తెలిసింది. కంపెనీలో ఏడాది అంటే నాలుగు క్వార్టర్లు. ఇక్కడ ఆషాఢంలో కొత్త పని మొదలెట్టరు, మూఢంలో పెట్టరు, సంక్రాంతి వారం కూలీలు దొరకరు. వరి డబ్బు చేతికొచ్చాక ఆర్డర్లు, జీడి సీజన్లో ఆర్డర్లు, వానల్లో డాబా ఎక్కే పని తక్కువ. అందుకని బడ్జెట్ కాగితం పక్కన పంచాంగం పెట్టుకుని కూర్చున్నాం.

అయినా 2025లో మేము ఊహించనిది వచ్చింది. ఆగస్టు 15న జీఎస్టీ తగ్గిస్తామని ప్రకటన, సెప్టెంబరు 3న కౌన్సిల్ ఖరారు, సోలార్ పరికరాల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి, 22వ తేదీ నుంచి అమలు. ప్లాంటు పెట్టివ్వడాన్ని 70 శాతం సరుకు, 30 శాతం సేవగా లెక్కేస్తారు కాబట్టి, మొత్తం మీద పడే పన్ను 13.8 నుంచి 8.9 శాతానికి దిగింది. మంచి వార్తే. కానీ తగ్గుతుందని తెలిశాక 22 దాకా ఎవరు కొంటారు? అసలే భాద్రపదం. ఆ మధ్యకాలంలో సోలార్ నుంచి రూపాయి రాలేదు. నాలుగు మిల్లుల డబ్బు మాత్రం ఐదో తారీఖుకి వచ్చింది. దసరా నవరాత్రులు మొదలైన రోజే కొత్త రేట్లు రావడంతో ఆగిన ఆర్డర్లన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. అప్పుడు నాలుగిళ్ల పరిమితి గురించి మా ఇద్దరికీ గట్టిగానే వాదన అయింది. ఆయన ఆరు చేయమన్నారు. బ్యాంకు రుణం ఉన్న ఇళ్లని ఆ లెక్కలోంచి తీసేసి, మిగతావాటికి నాలుగే ఉంచాను.

ఇప్పుడు

పాత 11 బాకీల్లో పది తీరాయి. పదకొండోది మామగారి పెదనాన్న కొడుకు ఇల్లు. దాని గురించి టీచరుగారు "అది వదిలేయండి సార్" అన్నారు, నేను వదలకుండా ప్రతి ఏడాదీ బాకీల జాబితాలో చూపిస్తున్నాను. పీఎఫ్ కదల్లేదు. గ్రాట్యుటీలోంచి పక్కన పెట్టిన 2 లక్షలూ అలాగే ఉన్నాయి. మధురవాడ ఫ్లాట్ అమ్మేద్దామని మామగారు అంటున్నారు. రెండేళ్లు నిండేదాకా వద్దన్నాను, వెనక్కి రావలసొస్తే తలుపు ఉండాలి కదా. పైగా పెద్దమ్మాయి ఇంటర్‌కి విశాఖే వస్తానంటోంది. హాస్టలా, నానమ్మతో ఫ్లాట్‌లోనా అన్నది ఇంట్లో తేలలేదు. ఫ్లాట్ ఖాళీ చేయిస్తే నెల లెక్కలో 13 వేలు పోతాయి, అంటే ఇంకో రెండు మిల్లులు కావాలి.

మొన్న కొటేషన్ కాగితం ఒకటి పట్టుకొచ్చారు. మొదట ప్యానెల్ బాగుచేయించుకున్న మిల్లుకే 50 కిలోవాట్ల ప్లాంటు కావాలట, డబ్బు పంట అమ్మాక ఇస్తానంటున్నారు. అడ్వాన్సు 60 శాతం, ప్యానెళ్లు దిగిన రోజు 30, మిగతాది నెట్ మీటరు తర్వాత అని రాసి, కింద ఆడిటర్ షరతులని ఒక లైను చేర్చి పంపించాం. మిల్లు నుంచి ఇంకా జవాబు రాలేదు.